తాడొస్తోంది

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోలేదు. నేనూ మా ఆయనా కాదు, మా అత్తా మామా. ఉప్పు కావాలన్నా, గొడుగు కనబడకపోయినా మధ్యలో నన్ను నిలబెట్టుకునేవాళ్ళు.

"మీ మామకి చెప్పు, అన్నం చల్లారిపోతోందని," అని అత్త గోడతో అనేది.

"మీ అత్తకి చెప్పు, చల్లారిన అన్నం తింటే నేనేం చచ్చిపోనని," అని మామ గడపతో అనేవాడు.

ఇద్దరికీ మధ్య మూరెడు దూరం. కాలేజీలో చదివిన ఇంగ్లీషు అప్పటిదాకా నాకెందుకూ కొరగాలేదు గానీ, మన భాషలోంచి మన భాషలోకే ఆ వేసవిలో తెగ తర్జుమా చేశాను.

గొడవకి మూలం తాడుబాట.

మా ఊరు ఏటికి అవతల, కొండ మొదట్లో ఉంటుంది. వంతెన లేదు. ఒడ్డు నుంచి ఒడ్డుకి ఒక లావుపాటి తాడు, మోకు, కట్టి ఉంటుంది. పడవకున్న ఇనప కడియం ఆ మోకుకి తొడిగి, మోకుని చేతులతో లాక్కుంటూ పడవని ఇటూ అటూ తిప్పుతారు. లాగేది మా ఆయన. మోకు పేనేది మా అత్త. మోకులో ఎక్కడా ముడి ఉండకూడదు. ముడి ఉంటే కడియం పట్టేసి, పడవ నడిఏట్లో బిక్కమొహం వేసుకుని నిలబడుతుంది. అందుకని ఏటి వెడల్పుకి మించిన పొడవుతో, వంకర లేకుండా ఒక చోటు కావాలి. పిల్లి ఒళ్ళు విరుచుకోవడానికి కూడా చదును దొరకని మా ఊళ్ళో అలాంటి చోటు ఒక్కటే. మా ఇంటి ముందు మొదలై రేవు దాకా పోయే వీధి. దాన్నే తాడుబాట అంటారు.

తాడు పేనేవాళ్ళు వెనక్కి నడుస్తారు. నడుముకి నార చుట్టుకుని, కొసని రాట్నం కొక్కేనికి తగిలించి, వేళ్ళ సందుల్లోంచి నార వదులుకుంటూ అడుగు వెనక అడుగు వేసుకుంటూ పోవాలి. ఇవతల ఒకరు రాట్నం తిప్పుతుంటే పురి ఎక్కుతూ ఉంటుంది. పేనిన తాడు నేల మీద పడకుండా బాట పొడుగునా గుంజలు పాతి ఉంటాయి, వాటి మేకుల మీద ఆనించుకుంటూ పోవాలి. ఆగకూడదు. ఆగితే పురి మెలిక పడుతుంది, వదిలేస్తే విప్పుకుపోతుంది. తల తిప్పి చూసుకోకూడదు. చూపంతా వేళ్ళ మీదే ఉండాలి. అలా ఎన్నో నడకలు నడిస్తే ఒక పేట, మూడు పేటలు కలిస్తే మోకు.

వెనక్కి నడిచేవాళ్ళకి వెనక కళ్ళుండవు కాబట్టి ఆ బాట మీద మా ఊరికి ఒక లెక్క ఉంది. రాట్నం తిప్పేవాళ్ళు "తాడొస్తోంది" అని కేకేస్తారు. ఆ కేక వినబడితే పెళ్ళివారైనా, పాడె మోసేవారైనా గోడవారకి తప్పుకోవలసిందే. తప్పుకోమని రెండోసారి ఎవరూ చెప్పరు.

చెప్పవలసి వచ్చింది టూరుబాబుకే.

ఆ పేరు మా ఆయన పెట్టింది. ఆ బాబుకి పట్నంలో విదేశీయులని ఊళ్ళు తిప్పి చూపించే సంస్థలో ఏదో పెద్ద ఉద్యోగం. నల్ల కళ్ళజోడు, చేతిలో కొలత టేపు. మామ గ్రామసభకి అధ్యక్షుడు కాబట్టి ఆయన్ని పక్కన పెట్టుకుని పడవ దిగాడు. టూరుబాబు దిగినవాడు దిగినట్టే బాట మధ్య గొంతుక్కూర్చుని టేపు పరిచాడు.

అప్పటికి అత్త నడకలో ఉంది. రాట్నం దగ్గర పక్కింటి వదిన. "తాడొస్తోంది" అని వదిన కేకేసింది. మామ అలవాటు కొద్దీ గోడకి అతుక్కుపోయాడు. టూరుబాబు తలెత్తకుండా, "ఒక్క నిమిషం అమ్మా," అన్నాడు.

నిమిషం ఆగడం అత్త చేతిలో లేదు. ఆవిడ మడమ టూరుబాబు మోకాలికి తగిలింది. ఆయన వెల్లకిలా పోయి నార నానేసిన తొట్టిలో కూర్చున్నాడు. కళ్ళజోడు ఎగిరి బాట మీద పడింది. అత్త రెండో అడుగు దాని మీదే పడింది. కరకర చప్పుడు మేమందరం విన్నాం. అత్త మాత్రం చివరి గుంజ దాకా పోయి, తాడు బిగించి, అప్పుడు వెనక్కి తిరిగి తీరిగ్గా నడుచుకుంటూ వచ్చింది.

"దెబ్బ తగిలిందా నాయనా?"

"దెబ్బ కాదమ్మా, కళ్ళజోడు."

"కళ్ళజోడు పెట్టుకున్నా కనబడలేదా?"

వదిన రాట్నం చాటున మొహం దాచుకుంది. మామ మొహం మాత్రం మాడిపోయింది. ఊరికి మేలు చేయడానికి వచ్చిన మనిషిని సొంత పెళ్ళాం తొట్టిలో కూర్చోబెట్టింది మరి.

ఆ రోజు భోజనాల దగ్గర మామ సంగతి బయటపెట్టాడు. వర్షాలకి ముందే విదేశీ అతిథులు వస్తున్నారు. వాళ్ళతోపాటు ఒక పెద్ద ఆఫీసరు. రేవు నుంచి కొండ భుజం మీది విడిది దాకా వాళ్ళు నడవాలి. ఉన్న సమమైన దారి తాడుబాటే. దానికి రాతి పలకలు పరిచి, పూలకుండీలు పెట్టి, దీపాలు వేసి, దాన్ని స్వాగత మార్గం చేస్తారు. ఆఫీసరు రిబ్బను కత్తిరిస్తాడు.

"మరి గుంజలు?" అంది అత్త.

"తీసేస్తారు."

"మళ్ళీ ఎప్పుడు పాతుతారు?"

మామ అన్నంలో మజ్జిగ పోసుకున్నాడు.

"పడవకి ఇనప తాడు ఇప్పిస్తామన్నారు," అన్నాడు. "నువ్వు ఇంక ఎండలో నడవక్కర్లేదు. హాయిగా కూర్చో."

"ఇనప తాడు మంచిదే. వేయించుకోండి. నేను వద్దన్నానా? నా బాట మాత్రం ఇవ్వను."

"నీ బాటేమిటే? అది ఊరిది. సభలో ఊరంతా చెయ్యెత్తింది."

"నన్నెవరూ చెయ్యెత్తమనలేదే. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది."

మా ఆయన పొలమారి దగ్గాడు. మామకి కోపం వచ్చింది. కానీ నిజం చెప్పాలంటే ఆయన చెడ్డవాడు కాదు. ఊరికి పేరొస్తే వంతెన వస్తుందని ఆయన ఆశ. వంతెన కోసం తిరిగి తిరిగి చెప్పులరగదీసిన మనిషి. "ఎన్నాళ్ళు ఇలా తాడు పట్టుకు వేలాడతాం?" అన్నాడు. "లోకమంతా ముందుకి పోతుంటే మనం మాత్రం..."

"పోనీ. ఎవరో ఒకళ్ళు వెనక్కి నడిస్తేనే కదా తాడు పొడవయ్యేది."

మామ చెయ్యి కడిగేసుకున్నాడు. ఆ తరవాత వాళ్ళిద్దరి మధ్యా నేనే దుబాసీని.

ఊరికి ఊరే మారిపోయింది. టూరుబాబు కొత్త కళ్ళజోడుతో వచ్చి అందరికీ వేషాలు పంచాడు. ఒకరు పూలు ఇవ్వాలి, ఒకరు మంచినీళ్ళు అందించాలి, కొందరు ఊరికే రెండు వరసల్లో నిలబడి నవ్వాలి. ఆ నవ్వుకి కూడా తరిఫీదు పెట్టాడు. "పళ్ళు కనబడాలి, చిగుళ్ళు కనబడకూడదు," అని వీధిలో ఆడవాళ్ళని వరసగా నిలబెట్టి నేర్పించాడు. పక్కింటి వదినకి పై పళ్ళు కొంచెం ఎత్తు. ఆవిడ నోరు మూస్తే ఏడుస్తున్నట్టు, తెరిస్తే కరవబోతున్నట్టు ఉంటుంది. ఆవిడని పూల వైపు మార్చారు. అందరికీ ఒకే రంగు కొత్త బట్టలు కుట్టించారు. రాట్నం తిప్పే చేతులన్నీ అలా ఒక్కొక్కటీ పూలకీ నీళ్ళకీ నవ్వులకీ పోయాయి. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి రేవులో నిలబడి స్వాగత వాక్యాలు చదవడం, వాళ్ళ మాట వీళ్ళకీ వీళ్ళ మాట వాళ్ళకీ చెప్పడం నా వంతు.

అత్తకీ ఒక వేషం ఉంది. దాన్ని చెప్పడానికి టూరుబాబు స్వయంగా వచ్చాడు. ఈసారి గోడవారనే నడిచి వచ్చాడు.

"అమ్మా, మీ కళ ఎక్కడికీ పోదు. విడిది దగ్గర ముచ్చటైన పాక వేయిస్తాం. మీరు అందులో కూర్చుని, అతిథులు వచ్చినప్పుడు ఒక ఆరడుగుల తాడు పేని చూపిస్తే చాలు. వాళ్ళు ఫొటో తీసుకుంటారు."

అత్త నార చిక్కు తీస్తోంది. తలెత్తలేదు.

"ఆరడుగుల తాడా?"

"చాలమ్మా. ఎక్కువ కష్టపడక్కర్లేదు."

"ఆరడుగుల తాడుతో మేకని కట్టచ్చు. లేకపోతే మెడకి తగిలించుకోవచ్చు. మా ఇంట్లో మేక లేదు."

టూరుబాబు నా వైపు చూశాడు, ఇది హాస్యమా కోపమా చెప్పమన్నట్టు. అది నేను తర్జుమా చేయలేదు.

మర్నాడే కూలీలు వచ్చి గుంజలు పీకారు. అత్త గుమ్మంలో నిలబడి ఒక్కొక్కటీ పైకి వస్తుంటే చూసింది. ఏడవలేదు, అడ్డం పడలేదు, శాపనార్థాలు పెట్టలేదు. నాకదే భయమేసింది. రాతి పలకలు పడవ మీద వచ్చి రేవులో గుట్టగా పడ్డాయి. రిబ్బను కత్తిరించాక పరుస్తారట. ఈలోగా రంగు కాగితాల జెండాలు కట్టడానికి బాట పొడుగునా కర్రలు పాతారు.

ఆ సాయంత్రం మా ఆయన పడవ కట్టేసి నవ్వుకుంటూ ఇంటికి వచ్చాడు.

"అమ్మా, కూలీల బద్ధకం చూశావా? కొత్త గోతులు తవ్వడానికి ఒళ్ళు వంగక, జెండా కర్రలన్నీ తెచ్చి నీ గుంజల గోతుల్లోనే దింపారు."

అత్త నార కట్ట పక్కన పెట్టింది. లేచి బయటికి వెళ్ళి, ఒక కర్రని రెండు చేతులా పట్టుకుని ఊపి చూసింది. కదల్లేదు.

"గట్టిగానే పాతారు," అంది. ఆ తరవాత అదేదో వంటింటి సామాను అడిగినట్టు, "మనింట్లో మేకులున్నాయిరా?" అంది.

అతిథులు వచ్చేరోజు తెల్లారుతూనే మామ ఉతికిన చొక్కా తొడుక్కుని, ఉపన్యాసం కాగితం జేబులో పెట్టుకుని, మా ఆయనతో అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, "మీ అత్తకి చెప్పు, ఇవాళ ఒక్కరోజు నా పరువు కాపాడమని," అన్నాడు. అత్త వెనకగదిలో ఉంది. విందో లేదో తెలియదు.

నేను కొత్త బట్టలు కట్టుకుంటుంటే బయట టక్ టక్ మని చప్పుడు. వెళ్ళి చూస్తే అత్త సుత్తి పట్టుకుని జెండా కర్రలకి నడుమెత్తున మేకులు కొడుతోంది. ఒక్కో కర్రకి ఒక్కో మేకు. రేవు దాకా కొట్టుకుంటూ పోయి తిరిగి వచ్చింది. జెండా ఒక్కటి చింపలేదు, కర్ర ఒక్కటి కదపలేదు. పైన వాళ్ళ కాగితాలు రెపరెపలాడుతున్నాయి, కింద ఈవిడ మేకులు. పూలకుండీలని మాత్రం గోడవారకి జరిపింది. వీధి ఆడవాళ్ళు కొత్త బట్టల్లో ముస్తాబై రేవుకి పోతూ చూశారు. పక్కింటి వదిన పోతూ పోతూ కాలితో ఇంకో కుండీ జరిపింది.

అత్త లోపలి నుంచి రాట్నం మోసుకొచ్చి దాని చోట నిలబెట్టింది. నడుముకి నార చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, ఇవాళేనా?"

"ఇవాళ కాకపోతే రేపు ఆ రాళ్ళ మీద నడవాలి."

"మామయ్య చెప్పమన్నారు..."

"విన్నాను." నార కొస పళ్ళతో తెంపింది. "అమ్మాయ్, నీకో మాట చెప్తాను విను. నేనీ ఊరు కాపురానికొచ్చిన రోజు నుంచీ అందరికీ తప్పుకుంటూనే ఉన్నాను. మా అత్త వస్తే తప్పుకున్నాను, మీ మామ వస్తే తప్పుకున్నాను, ఆయన కోసం వచ్చే పెద్దమనుషులకి తప్పుకున్నాను, ఆఖరికి గొడ్లకి కూడా తప్పుకున్నాను. ఈ బాట మీద మాత్రం అందరూ నాకు తప్పుకున్నారు. ఊరు మొత్తంలో నాకున్నది అదొక్కటే. ఇనప తాడు కొనచ్చు. అది ఎక్కడ కొంటావు?"

ఆవిడ కొస కొక్కేనికి తగిలించింది. రాట్నం దగ్గర ఎవరూ లేరు. ఆవిడ నన్ను తిప్పమనలేదు. నార వేళ్ళకి పట్టుకుని, ఎవరో వస్తారన్నట్టు నిలబడింది. అంతే.

రేవులో నా కోసం చూస్తూంటారు. చేతిలో స్వాగత వాక్యాల కాగితం ఉంది. దాన్ని మడిచి రొంటిన దోపుకుని రాట్నం పిడి పట్టుకున్నాను.

"నేను రమ్మనలేదు," అంది అత్త.

"వచ్చాను."

"మామ నిన్నూ వదలడు."

"నన్ను తిట్టినా మీకు చెప్పమనే తిడతారు, మీరు వినండి."

ఆవిడ పెదవి చివర నవ్వొచ్చి పోయింది. తిప్పాను. పురి ఎక్కింది. అత్త మొదటి అడుగు వెనక్కి వేసింది.

రాట్నం దగ్గర నిలబడ్డవాళ్ళకి బాటంతా కనబడుతుంది. నడిచేవాళ్ళ మొహం మనవైపు, వీపు రేవు వైపు. ఆవిడ మొదటి మేకు మీద తాడు ఆనించింది, రెండోదాని మీద ఆనించింది. ఆవిడ చిన్నదవుతోంది. ఆవిడ భుజం మీదుగా చూస్తే ఏట్లో పడవ పెద్దదవుతోంది. పడవ నిండా టోపీలు.

పడవ ఒడ్డుకి తగిలింది. టోపీలు ఒక్కొక్కటీ దిగాయి. అందులో ఒక ముసలావిడది గొడుగంత టోపీ. గులాబీ రంగు రిబ్బను చివరి కర్రకి ముందున్న కర్ర నుంచి గోడకున్న మేకు దాకా బాటకి అడ్డంగా కట్టి ఉంది. దాని వెనక ఆఫీసరు, పక్కన మామ. కత్తెర ఉన్న పళ్ళెం పట్టుకుని టూరుబాబు. చివరి గుంజ గొయ్యి ఆ రిబ్బనుకి ఆవల, వాళ్ళు నిలబడ్డ చోట ఉంది. అత్త అక్కడిదాకా పోతే గానీ నడక పూర్తి కాదు.

టూరుబాబు మమ్మల్ని చూశాడు. ముందు ఒక చెయ్యెత్తి ఆపమన్నాడు. తరవాత రెండు చేతులెత్తాడు. ఆ తరవాత పళ్ళెంతోనే కాకుల్ని తోలినట్టు తోలాడు. నాకు తెలియకుండానే నా చెయ్యి మందగించింది. అంత దూరాన అత్త తలెత్తింది. చూపుకి కాదు, వేళ్ళకి తెలిసింది. నా మొహంలోకి చూసింది. వెనక ఏముందో ఆవిడ చూడలేదు, చూడదు. ఆవిడకి ఉన్న అద్దం నా మొహం ఒక్కటే.

మొహం మామూలుగా పెట్టుకున్నాను. చెయ్యి జోరు పెంచాను. గట్టిగా గాలి పీల్చి, "తాడొస్తోంది" అని కేకేశాను.

అత్త తల దించుకుంది. అడుగు వెనక్కి వేసింది.

రేవులో ఏం జరిగిందో నాకు కనబడింది గానీ వినబడలేదు. మాటలు తరవాత మా ఆయన చెప్పాడు. టూరుబాబు మామ చెవి దగ్గర, "పెద్దాయనా, ఆపించండి. మీ ఇంటి మనిషే కదా," అన్నాడట. ఆఫీసరు కత్తెర చేతిలోకి తీసుకుని, ఎవరైనా ఏదైనా చెప్తారని చూస్తున్నాడట. మామ మాత్రం కదలకుండా అత్త వీపు వైపే చూస్తున్నాడట. చెమటకి తడిసి, కుడిపక్కకి కొంచెం వాలిన వీపు. అది అడుగడుగునా మీద మీదకి వస్తోంది.

మామ వంగాడు. కర్రకి కట్టిన రిబ్బను ముడి విప్పాడు. కట్టింది ఆయనే కాబట్టి తొందరగానే వచ్చింది. రెండో కొస కూడా విప్పి, రిబ్బనంతా చేతికి చుట్టుకున్నాడు. అప్పుడు ఆయన అన్న మాట బాట పొడుగునా నా దాకా వచ్చింది. కేకే గానీ అందులో కోపం లేదు. రోజూ అనేమాట అన్నట్టే అన్నాడు.

"తాడొస్తోంది, పక్కకి జరగండి."

రెండు వరసల్లో నవ్వుతూ నిలబడ్డ ఆడవాళ్ళు నవ్వులు మానేసి గోడకి అతుక్కున్నారు. వాళ్ళని చూసి టోపీలూ జరిగాయి. ఆఫీసరు కత్తెరతో సహా జరిగాడు. జరగడానికి చోటు చాలక టూరుబాబు పలకల గుట్ట ఎక్కాడు.

అత్త వాళ్ళందరి మధ్య నుంచి, ఎవరికీ తగలకుండా, ఎవర్నీ చూడకుండా, వెనక్కి నడుచుకుంటూ పోయింది. చివరి గుంజ గోతిలో పాతిన కర్రకి తాడు రెండు మెలికలు తిప్పి బిగించింది. వేలితో మీటి చూసుకుంది. అప్పుడు తిరిగింది.

ఎదురుగా ఊరంతా ఉంది. అతిథులున్నారు. రిబ్బను చేతికి చుట్టుకున్న మొగుడున్నాడు.

"వచ్చారా?" అంది అత్త, తిన్నగా మామతోనే. "ఎండలో నిలబెట్టావేమిటయ్యా వాళ్ళని? తీసుకొచ్చి మన చూరు కింద కూర్చోబెట్టు. నాకింకా నడక ఉంది."

"వస్తున్నాం, నువ్వు నడు," అన్నాడు మామ.

ఆ గొడవ తరవాత నేను మధ్యలో లేకుండా వాళ్ళు మాట్లాడుకున్న మొదటి మాటలు అవి.

అత్త బాట పట్టుకుని ఇంటివైపు నడిచింది, ఈసారి ముందుకి. వెనక మామ, ఆయన వెనక గొడుగంత టోపీ, మిగతా టోపీలు, ఆఫీసరు, అందరి వెనకా పళ్ళెంతో టూరుబాబు. తాడు ఒక పక్క, మనుషులు ఒక పక్క. విదేశీ అతిథులకి మా ఊళ్ళో జరిగిన ఊరేగింపు అదీ.

రాట్నం దగ్గరికి రాగానే టూరుబాబు నా పక్కకి చేరాడు. ఆయన కళ్ళజోడు ఈసారి పగల్లేదు గానీ ఆవిరి పట్టింది.

"మేడమ్, అయిందేదో అయింది. ఇది మీకోసం ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన ప్రదర్శన అని చెప్పెయ్యండి. బాగుంటుంది."

నా అరచేతులు బొబ్బలెక్కాయి. రొంటిలో కాగితం తడిసి ముద్దయింది. అందరూ నా వైపు చూస్తున్నారు. ఆఫీసరూ చూస్తున్నాడు. ఆయనకి ఇంగ్లీషు బాగా వచ్చునని నాకు తెలుసు.

ఇంగ్లీషులో చెప్పాను. "ఇది ప్రదర్శన కాదు. ఆవిడ మా అత్తగారు. పని చేసుకుంటున్నారు. మీరు నడవడానికని ఈ బాట ఆవిడ దగ్గర తీసుకుని రాళ్ళు పరుస్తారట. అది మీరు అడిగింది కాదని నాకు తెలుసు. మీరు మా ఇంటికొచ్చారు, సంతోషం. కూర్చోండి, మంచినీళ్ళు తాగండి. నడిచేటప్పుడు మాత్రం గోడవారగా నడవండి."

గొడుగంత టోపీ ఆవిడ బాట ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూసి ఏదో అంది.

"ఏమంటున్నారు?" అన్నాడు మామ.

"పక్కన చోటు చాలానే ఉంది కదా అంటున్నారు."

"ఉంది," అన్నాడు మామ. "ఎప్పుడూ ఉంది."

ఆఫీసరు కత్తెర మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు. "పలకల సంగతి తరవాత చూద్దాం," అన్నాడు. ఆఫీసుల్లో 'తరవాత చూద్దాం' అంటే ఏమిటో మా ఊరికి బాగా తెలుసు. బడి కప్పు గురించి విన్నాం, వంతెన గురించి విన్నాం. ఆ మాట మాకు కలిసొచ్చింది ఆ ఒక్కసారే.

అత్త నడుముకి నార చుట్టుకుని మళ్ళీ కొస తగిలించింది. నేను పిడి పట్టుకోబోతుంటే మామ అడ్డొచ్చాడు.

"చేతులు బొబ్బలెక్కి ఉంటాయి. ఇలా ఇవ్వమ్మా. నువ్వెళ్ళి వాళ్ళ సంగతి చూడు."

"మీకు వచ్చా మామయ్యా?" అన్నాను.

"ఒసేయ్, ఈ పిల్ల కాపురానికి రాకముందు రాట్నం ఎవరు తిప్పారో చెప్పవే," అన్నాడు అత్తతో, ఉతికిన చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ. రిబ్బను ఇంకా మణికట్టుకే ఉంది. "ఈ కుర్చీ వచ్చాక మానేశాను గానీ..." అని, నాతో అన్నట్టూ కాకుండా తనలో అనుకున్నట్టూ కాకుండా, "ఇక్కణ్ణించి దీని మొహమే కనబడేది. వీపు ఎప్పుడూ చూళ్ళేదు," అన్నాడు.

"తిప్పు, తిప్పు. ఉపన్యాసం తరవాత," అంది అత్త. అడుగు వెనక్కి వేసింది.

అతిథులు మా చూరు కింద కూర్చున్నారు. కొందరు ఫొటోలు తీశారు. ఒకాయనకి నిద్ర పట్టింది. వాళ్ళూ మనుషులే, ఎంతసేపని తాడు చూస్తారు? పొద్దు వాలాక విడిదికి వెళ్ళారు. గోడవారగానే వెళ్ళారు. ఉన్నన్ని రోజులూ అలాగే తిరిగారు. వర్షాలకి ముందే మోకు పూర్తయింది. పాతది విప్పి కొత్తది కట్టిన రోజు మామ కూడా ఏట్లో నడుములోతు దిగి లాగాడు. అధ్యక్షుడు తడిసిపోతున్నాడని ఊరంతా ఒడ్డున చేరి నవ్వింది, చిగుళ్ళు కనబడేలా.

వంతెన ఇంకా రాలేదు. మామ ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. వచ్చినరోజు దాని మీద మొదట నడిచేది తనేనని అత్త అంటుంది, ముందుకే నడుస్తానని కూడా అంటుంది. రేవులో పలకలు మాత్రం బట్టలుతకడానికి దివ్యంగా ఉన్నాయి. జెండాల రంగులు ఆ వానలకే వెలిసిపోయాయి. కర్రలు అలాగే ఉన్నాయి, మేకులతో.

అతిథులు ఇప్పటికీ వస్తూనే ఉంటారు, ఏడాదికోసారో రెండుసార్లో. మా ఆయన నా దగ్గర నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకున్నాడు. పడవ ఒడ్డుకి తగలగానే, ఎవరూ దిగకముందే, మోకు మీద చెయ్యి పెట్టి వాళ్ళకి స్వాగతం చెప్తాడు.

"మా ఊరికి రండి. ఎదురుగా వీపు వస్తుంటే మాత్రం పక్కకి జరగండి."